మామిడికొత్త, పదో భాగం

స్వర్ణ బడి నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు ఒక మామిడికాయ పడి ఉంది.

ఆకుపచ్చగా, నున్నగా, తొడిమ దగ్గర జిగురు కారుతూ ఉంది. స్వర్ణ దాన్ని తీసి వాసన చూసింది. నోట్లో నీళ్ళూరాయి. అయినా కొరకలేదు. లోపలికి తీసుకెళ్ళి మూలనున్న వెదురుబుట్టలో వేసింది. గాలికి రాలిన కాయలతో ఆ బుట్ట అప్పటికే సగం నిండింది.

ఆ ఊళ్ళో మామిడికొత్త పండగ కాకుండా ఎవరూ మామిడికాయ తినరు. పాలుతాగే పిల్లాడికి కూడా నాకించరు. ఊరికి ముహూర్తాలు పెట్టే దిసారి సోంబరు తాత మంచిరోజు చూసి చెప్పాలి. ఆ రోజు కొండదేవతకి పెట్టి, చనిపోయిన పెద్దలకి పెట్టి, అప్పుడు ఊరంతా కలిసి తినాలి. సోంబరు తాత ఇంకా రోజు చెప్పలేదు.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. అమ్మ రత్న, నాన్న ఫల్గుణ మిరియాలు కోయడానికి తోటకి వెళ్ళారు. మామ్మ పెరట్లో పనసచెట్టు కింద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఇంట్లో ఎవరూ లేరు.

స్వర్ణ చోడంబలి తాగింది. గిన్నె కడిగింది. టీవీ వైపు చూసింది. టీవీకి నీలం రంగు పెన్‌డ్రైవ్ పెట్టి ఉంది.

అది ధనరాజు మామ ఇచ్చింది. ఆయన ముంచింగిపుట్టు దగ్గర ఒక బడిలో ఆటల మాస్టారు. "మీ బడిలో బాస్కెట్‌బాల్ కోర్టు వేశారు కదే. ఆట అంటే ఏమిటో దీంట్లో చూడు" అని ఇచ్చి వెళ్ళాడు.

అందులో ఉన్నది సినిమా కాదు. మంచు కురిసే ఏదో దేశంలో ఒక బాస్కెట్‌బాల్ జట్టు ఉంది. ఏడాది పొడుగునా కెమెరా పట్టుకుని ఆ జట్టు వెంట తిరిగి తీశారు. వాళ్ళ ఆటలు, బస్సు ప్రయాణాలు, పోట్లాటలు, దెబ్బలు అన్నీ ఉన్నాయి. మొత్తం పది భాగాలు. ఒక్కొక్కటి గంట.

రోజూ రాత్రి అన్నాలయ్యాక ఒక భాగం పెట్టేవారు. పక్కింటి కామేష్ వచ్చేవాడు. వాడు స్వర్ణ క్లాసే. సోంబరు తాత తన పీట తనే తెచ్చుకునేవాడు. జట్టువాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడితే కింద తెలుగులో అక్షరాలు వచ్చేవి. మామ్మకి చదవడం రాదు. తాతకి చూపు ఆనదు. అందుకే ఆ అక్షరాలు గట్టిగా చదివే పని స్వర్ణది. ఆ పనంటే స్వర్ణకి చాలా గర్వం.

ఆ జట్టుకి ఒక కెప్టెన్ ఉన్నాడు. బాగా పొడుగు. మోకాలు నొప్పి. అతని పేరు మామ్మకి నోరు తిరగలేదు. అందుకని 'మోకాలిబాబు' అని పేరు పెట్టింది. అతని మోకాలి మీద ఎవరైనా ఐసు పెడితే చాలు, మామ్మ ఊరుకునేది కాదు.

"ఓలమ్మో! మంచుగెడ్డ ఎట్టేత్తన్నారేటి! ఏడి నూని రాయాల గానీ!" అని టీవీని తిట్టేది. అలా తిడుతూనే తన మోకాలికి తను వేడి నూనె రాసుకునేది.

మామ్మకి కూడా మోకాలు నొప్పే. ఆమె చేత్తో నాటిన కాఫీ మొక్కలు కొండమీద ఉన్నాయి. రెండేళ్ళుగా ఆమె అక్కడికి ఎక్కలేకపోయింది. ఈసారి కాపు ఎలా ఉందో అమ్మని అడిగి తెలుసుకోవడమే. విశాఖపట్నంలో ఆపరేషన్ చేయిస్తే నడవచ్చని డాక్టరు చెప్పాడు. నాన్న ఎన్నిసార్లు అడిగినా మామ్మ ఒప్పుకోలేదు. కానీ ఒక రాత్రి టీవీ చూస్తూ చూస్తూ తనే అంది.

"ఒరే ఫల్గుణా, ఆ మోకాలిబాబు లెగిసి ఆకరి ఆట ఆడినాడనుకో. నానూ వత్తాను నీ ఆసుపత్రికి."

"మాట తప్పకూడదమ్మా!" అన్నాడు నాన్న.

"నానెప్పుడు తప్పినానురా?"

నాన్న ఆ మర్నాడే జీపు డ్రైవరుతో మాట్లాడి వచ్చాడు. అప్పటి నుంచి ఇంట్లో అందరూ మోకాలిబాబు కోసమే చూస్తున్నారు.

నిన్న రాత్రి ఏడో భాగం. ఆట మధ్యలో మోకాలిబాబు మోకాలు పట్టుకుని కింద పడిపోయాడు. సరిగ్గా అక్కడే ఆ భాగం అయిపోయింది.

స్వర్ణ రిమోట్ చేతిలోకి తీసుకుంది.

'కష్టమైన మాటలు ముందే ఒకసారి చదువుకుంటే రాత్రికి తడబడకుండా చదవచ్చు' అనుకుంది. అది మంచి ఆలోచనలాగే అనిపించింది.

ఎనిమిదో భాగం పెట్టింది. అది అయిపోయింది. తొమ్మిదోదాంట్లో కూడా కష్టమైన మాటలు ఉంటాయి కదా అనుకుంది. అదీ పెట్టింది. ఈసారి మాటల సంగతి మర్చిపోయింది. మంచం అంచున కూర్చుని, నోరు తెరుచుకుని చూసింది.

తొమ్మిదోది అయ్యేసరికి బయట అమ్మ గొంతు వినిపించింది. స్వర్ణ గబగబా టీవీ ఆపేసింది. వెనక చెయ్యి పెట్టి చూసింది. టీవీ వెచ్చగా ఉంది. దాని మీద తువ్వాలు కప్పేసింది.

రాత్రి ఎనిమిదో భాగం పెట్టారు. స్వర్ణ ఎక్కడా ఆగకుండా చదువుతోంది.

"గడగడా సదివేత్తందే గుంట!" అన్నాడు సోంబరు తాత.

"మరేటనుకున్నావు, నా మనవరాలు!" అంది మామ్మ.

స్వర్ణకి ఒళ్ళు పొంగింది. ఇంకా వేగంగా చదివింది.

"ఏయ్, అక్షరాలు ఇంకా రాలేదు. నువ్వెలా చదివేశావు?" అన్నాడు కామేష్.

"ఊహించాను" అంది స్వర్ణ.

టీవీలో డాక్టరు వచ్చాడు. మోకాలికి ఆపరేషన్ చెయ్యాలన్నాడు. మామ్మ నూనెగిన్నె పక్కన పెట్టి ముందుకి జరిగింది.

"సేయించుకో నాయినా! బేగి సేయించుకో! లెగుత్తావు!"

స్వర్ణ నాలుక చివర మాట ఆడుతోంది. అందరికంటే ముందు తనకే తెలిసిన మాట. ఆపుకుందామనుకుంది. ఆగలేదు.

"లేవడు మామ్మా. ఆపరేషన్ అయ్యాక కూడా కాలు కింద పెట్టలేక ఏడుస్తాడు. ఇంక ఆడలేడని డాక్టరే చెప్పేస్తాడు."

టీవీలో ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. కింద అక్షరాలు వచ్చి పోతున్నాయి. వాటిని ఎవరూ చదవడం లేదు.

"నీకెలా తెలుసు?" అని అడిగింది అమ్మ.

"మధ్యాహ్నం చూశాను."

మామ్మ స్వర్ణ మొహంలోకి చూసింది. ఆమెకి కోపం వచ్చినట్టు లేదు. కోపం వచ్చినా బాగుండేదని స్వర్ణకి అనిపించింది.

"కొత్తకి ముందే తినేసినావేటే, గుంటా?" అంది మామ్మ మెల్లగా.

సోంబరు తాత లేచి పీట చంకన పెట్టుకున్నాడు. "మరింకేటుంది సూడ్డానికి! ఎల్లొత్తాను."

"నేను కూడా" అన్నాడు కామేష్. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "ఊహించిందంట!" అని వెక్కిరించి పోయాడు.

మామ్మ నూనెగిన్నె మీద మూత పెట్టింది.

"ఫల్గుణా, జీపుకి సెప్పకురా. అంత కుర్రోడే ఆపరేసనయ్యాక లెగనేకపోనాడట. నానేటి లెగుత్తాను?"

"అమ్మా, అది వేరు, ఇది వేరు..."

"వద్దన్నాను కదరా."

నాన్న లేచి టీవీ ఆపేశాడు.

మర్నాడు రాత్రి ఎవరూ రాలేదు. తాత పీట వేసుకునే చోట పిల్లి పడుకుంది. మామ్మ అన్నం తినగానే గోడవైపు తిరిగి పడుకుంది. నాన్న జీపు డ్రైవరుకి ఫోన్ చేసి, "ఇప్పుడు కాదులే అన్నా" అన్నాడు. ఆ మాట స్వర్ణకి దుప్పటిలోంచి వినిపించింది.

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం ఇంట్లో మళ్ళీ ఎవరూ లేరు.

స్వర్ణ టీవీ ముందు నిలబడింది. పదో భాగం ఒక్కటే తను చూడలేదు. ఒకవేళ అందులో మోకాలిబాబు లేచి ఆడితే? ఇప్పుడే చూసేసి, పరుగెత్తుకెళ్ళి మామ్మకి చెప్పేస్తే? మామ్మ ఆసుపత్రికి ఒప్పుకుంటుంది. నాన్న మళ్ళీ ఫోన్ చేస్తాడు. అంతా సరైపోతుంది.

ఈసారి నిజంగానే మంచి పని కదా అనుకుంది. టీవీ పెట్టింది. పది అంకె మీదకి వచ్చింది. వేలు బటన్ మీద ఉంది.

అంతలో దబ్బుమని రేకులమీద ఏదో పడింది. దొర్లుకుంటూ వచ్చి వాకిట్లో పడింది.

మామిడికాయ.

స్వర్ణ బయటికి వెళ్ళి దాన్ని తీసింది. బుట్ట దగ్గరికి తెచ్చింది. బుట్ట నిండిపోయింది. అన్నిటికంటే అడుగునున్న కాయలు పసుపు తిరిగాయి. ఇల్లంతా వాటి వాసనే. ఒకటి తింటే ఎవరికీ తెలియదు. కాయలు ఎవరూ లెక్కపెట్టరు. అయినా ఇన్ని రోజుల్లో ఆ బుట్టలో ఒక్క కాయ మీద కూడా పంటిగాటు లేదు.

స్వర్ణ చేతిలోని కాయని మెల్లగా పైన పెట్టింది. తర్వాత టీవీ ఆపేసింది. పెన్‌డ్రైవ్ తీసి పెరట్లోకి పరుగెత్తింది.

మామ్మ చుట్టూ చింతగింజలు కుప్పలుగా ఉన్నాయి.

"మామ్మా, ఇది నీ దగ్గర పెట్టుకో."

"నాకెందుకే?"

"నా దగ్గరుంటే చూసేస్తాను."

మామ్మ చేతులు ఆగాయి. "సూసేసినావు కదే ఇంక?"

"పదోది చూడలేదు. అందులో ఏమవుతుందో నాకూ తెలీదు."

"అబద్దం!"

"కొండదేవత మీద ఒట్టు మామ్మా."

మామ్మ పెన్‌డ్రైవ్ అందుకుంది. "మరి ఆడడని సెప్పినావు?"

"డాక్టరు చెప్పాడు."

"డాక్టరు సెప్తే? మోకాలిబాబు సెప్పినాడా, నానాడనని?"

స్వర్ణ తల అడ్డంగా ఊపింది. "వాడేమీ చెప్పలేదు. ఏడ్చాడంతే."

"ఏడిత్తే! నొప్పెడితే ఏడవరేటి!" అంది మామ్మ. ఆమె కళ్ళలో పాత మెరుపు కొంచెం కనిపించింది. చింతపండు జిగురు చీరకి తుడుచుకుంది. పెన్‌డ్రైవ్‌ని కొంగున ముడేసి, ముడి రెండుసార్లు బిగించింది. "ఎల్లు, సోంబరుని పిలు. ఆడు రాకపోతే నాను సూడను."

సోంబరు తాత తన ఇంటి అరుగుమీద బుట్ట అల్లుతున్నాడు.

"ఏటమ్మా, ఈ రోజు టీవీలో ఏటవుద్దో సెప్పేసి ఎల్దామని వచ్చినావా?"

"కాదు తాతా. తొమ్మిదోది నేను చూసేశాను, కానీ నోరు విప్పను. పదోది నాకూ తెలీదు. నువ్వు రా తాతా."

"నోరిప్పవా? నువ్వా?" తాత పడీపడీ నవ్వాడు. "అది సూడ్డానికైనా వత్తాను!"

కామేష్ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వస్తాను. కానీ ఈసారి నేను చదువుతాను."

అది స్వర్ణ పని. అందరూ మెచ్చుకునే పని.

"సరే" అంది చివరికి.

ఆ రాత్రి ముందు ఎనిమిదోదాంట్లో మిగిలిన ముక్క చూశారు. తర్వాత తొమ్మిదోది పెట్టారు. కామేష్ కూడబలుక్కుని చదువుతున్నాడు. వాడు 'శస్త్రచికిత్స' అనే మాట పూర్తి చేసేలోగా ఇంకో రెండు వాక్యాలు వెళ్ళిపోయాయి. స్వర్ణకి నాలుక దురద పెట్టింది. ఓణీ కొస నోట్లో కుక్కుకుంది.

మామ్మ టీవీ కంటే స్వర్ణ మొహమే ఎక్కువ చూస్తోంది.

"గుంట మొకం సూడకు! దొంగసూపు!" అని తాత కేకేశాడు.

స్వర్ణ వెళ్ళి మంచం వెనక దాక్కుంది. అందరూ నవ్వారు.

మోకాలిబాబు ఆసుపత్రి మంచం మీంచి కాలు దింపాడు. నిలబడలేక కూలబడి ఏడ్చాడు. ఎవరూ నవ్వలేదు. మామ్మ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఉన్నట్టుండి, "సూసినారా!" అని అరిచింది.

"ఏటి?" అన్నాడు తాత.

"కాలి బొటనేలు! ఏడుత్తానే నేలని తన్ని పట్టినాడు. మొన్న డాక్టరు సూసినప్పుడు కదల్లేదది!"

నాన్న వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. నిజమే. బొటనవేలు నేలని నొక్కి పట్టి ఉంది. స్వర్ణ మంచం వెనకనుంచి తల పైకెత్తింది. అదే భాగం తను ఒక్కతే చూసినప్పుడు ఆ వేలు తనకి కనిపించనే లేదు.

మర్నాడు పొద్దున్నే సోంబరు తాత ఊళ్ళో కబురు చెప్పాడు. ఎల్లుండే మామిడికొత్త.

"మరి పదోది?" అని అడిగింది మామ్మ.

"అదీ ఆ రోజే" అన్నాడు దిసారి. ఆ మాటకి ఇంక ఎదురులేదు.

ఆ రోజు కొండదేవతకి పెట్టారు. పెద్దలకి పెట్టారు. ఊరంతా వరసలుగా కూర్చుంది. ఆకుల్లో మామిడిముక్కలు పడ్డాయి. తాత చెయ్యి ఎత్తగానే అందరూ ఒక్కసారి కొరికారు. పుల్లటి చప్పుడు ఊరంతా వినిపించింది. కామేష్ కళ్ళు మూసుకుని భుజాలు ఎగరేశాడు. స్వర్ణకి దవడలు జివ్వుమన్నాయి.

సాయంత్రం మామ్మ కొంగుముడి విప్పింది.

పదో భాగం. ఆఖరి ఆట. మోకాలిబాబు మామూలు చొక్కా వేసుకుని, చేతికర్ర పట్టుకుని, పక్కన బల్లమీద కూర్చున్నాడు. అతను ఆడటం లేదు.

నాన్న మామ్మవైపు చూసి తల దించుకున్నాడు. స్వర్ణ వచ్చి మామ్మ చెయ్యి పట్టుకుంది.

ఆట బిగువుగా సాగింది. చివర్లో జట్టు గెలిచింది. జనం ఎగిరారు. అప్పుడు ఎవరో ఒక నిచ్చెన తెచ్చి బంతి వేసే బుట్టకింద వేశారు. జట్టువాళ్ళు ఒక్కొక్కరే ఎక్కి, కత్తెరతో బుట్టకున్న వలని తలా ఒక ముక్క కత్తిరించుకుంటున్నారు.

"ఏటది? వలెందుకు కోత్తన్నారు?" అన్నాడు తాత.

"గెలిస్తే అందరూ తలో ముక్క పంచుకుంటారట" అని కామేష్ చదివాడు.

"ఓహో! అదీ ఆళ్ళ కొత్త!"

చివరి ముక్క మిగిలింది. అందరూ వెనక్కి తిరిగి నిలబడ్డారు. మోకాలిబాబు చేతికర్ర పక్కన పెట్టాడు. నిచ్చెన పట్టుకున్నాడు. ఒక మెట్టు. ఆగాడు. ఇంకో మెట్టు. కింద ఒక్క అక్షరం కూడా రావడం లేదు. చదవడానికి ఏమీ లేదు. అతను పైదాకా ఎక్కి వల కత్తిరించి చెయ్యి ఎత్తాడు.

మామ్మ స్వర్ణ చేతిని గట్టిగా నొక్కింది.

"ఎక్కినాడే!"

"కానీ ఆడలేదు మామ్మా" అంది స్వర్ణ మెల్లగా.

"ఆడకపోతే పోనీ! నానేటి బంతాట ఆడతానా? నిచ్చెనెక్కినాడు కాదేటి? నాకు కొండెక్కితే సాలు." మామ్మ కొడుకువైపు తిరిగింది. "అలా సూత్తావేటిరా? జీపోడికి ఫోన్ సెయ్యి!"

రెండు రోజుల తర్వాత మామ్మ, నాన్న జీపులో బొర్రా వెళ్ళి విశాఖపట్నం రైలెక్కారు. సంచిలో మామ్మ నూనెసీసా పెట్టుకుంది. డాక్టరు మంచుగడ్డ పెడితే తీసేసి ఇది రాసుకుంటానంది.

ఆపరేషన్ బాగా అయిందని నాన్న ఫోన్ చేశాడు. మామ్మ ఫోన్ లాక్కుని, "గుంటా! నిలబడినాను!" అని అరిచింది.

ఆ వారమే ధనరాజు మామ వచ్చాడు. ఈసారి ఎర్ర పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. ఆడపిల్లల జట్టుదట. పన్నెండు భాగాలు.

మధ్యాహ్నం స్వర్ణ బడి నుంచి వచ్చింది. అమ్మ తోటలో ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. స్వర్ణ వెదురుబుట్టలోంచి ఒక మామిడికాయ తీసి కోసింది. ఉప్పూ కారం అద్దుకుని గుమ్మంలో కూర్చుంది.

కామేష్ వచ్చాడు. టీవీ వైపు చూశాడు. స్వర్ణ వైపు చూశాడు.

"ఎవరూ లేరు కదా, మొదటి భాగం పెడదామా? కొంచెమే."

స్వర్ణ వాడి చేతిలో ఒక మామిడిముక్క పెట్టింది.

"దీనికి కొత్త అయిపోయింది. తిను."

"మరి అదో?"

స్వర్ణ బుట్టవైపు చూపించింది. కాయల మధ్య ఎర్ర పెన్‌డ్రైవ్ కనిపిస్తోంది.

"మామ్మ రావాలి" అంది, ఉప్పు నాకుతూ.